కరపత్రం పంచే చెయ్యి

పొద్దున్నే వార్తాపత్రిక విప్పగానే అందులోనుంచి రెండు మూడు రంగు కాగితాలు జారి ఒళ్లో పడడం బెంగుళూరులో కాపురమున్న మనకందరికీ అనుభవమే. ఒకటి ట్యూషన్లను గురించి, ఒకటి దంతవైద్యుని గురించి, మరొకటి వీధి చివర కొత్తగా తెరిచిన ఫలహారశాలను గురించి. వాటిని మనం ఏమి చేస్తామో వేరే చెప్పనక్కరలేదు. చదివేవారు కొందరు, వెనుకవైపు తెల్లగా ఉంటే చాకలిపద్దు రాసుకునేవారు కొందరు, చూడకుండానే చెత్తబుట్టలో వేసేవారు అనేకులు. నిన్న మొన్నటి వరకు నేనూ ఆ మూడవ తెగకు చెందినదానినే. మా మేనకోడలు కరపత్రాలు పంచవలసి వచ్చినప్పుడు గాని, ఆ కాగితం వెనుక ఎంత కథ ఉన్నదో నాకు తెలిసిరాలేదు.

కరపత్రం అన్న మాట తెలుగులోను కన్నడంలోను ఒక్కటే. కరం అంటే చెయ్యి. పత్రం అంటే ఆకు. ఒక చేతినుంచి మరొక చేతికి అందేది గనుక కరపత్రం. పూర్వం ఊళ్లో ఏ సంగతి తెలియజేయాలన్నా టముకు కొట్టి చాటింపు వేయించేవారు. అచ్చుకూటాలు వచ్చిన పిమ్మట ఆ పని కాగితం అందుకున్నది. మనలో పెద్దవారికి సినిమా బండి జ్ఞాపకం ఉండే ఉంటుంది. రెండు ప్రక్కలా బొమ్మలు కట్టిన బండి, ముందు డప్పులు, బండిలోనుంచి పిడికెడేసి గులాబిరంగు కాగితాలు గాలిలోకి ఎగురుతుంటే వెనుక పిల్లల పరుగు. ఆ కాగితం చేజిక్కినవాడు ఆ పూటకు వీధికి రాజు.

వస్తువును స్వయంగా జనం చేతిలో పెట్టడమే గొప్ప ప్రచారమని మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించిన కొత్తలో, సంగీత కచేరీలకు వచ్చినవారికి దానిని ఉచితంగా పంచిపెట్టేవారని ప్రతీతి. తలనొప్పి మందు నొసటికి తగిలిన తర్వాత దానిని గురించి ఉపన్యాసం దేనికి? ఆ వ్యాపారం మీద వచ్చిన ధనంతోనే ఆయన 1908లో ఆంధ్రపత్రిక స్థాపించి తెలుగువారికి మహోపకారం చేశారు.

ఇక మా మేనకోడలి సంగతి. పిల్లలు చదువులకు వెళ్లిపోయిన తర్వాత ఆ అమ్మాయి వయ్యాలికావల్‌లో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని పచ్చళ్లు, పొడులు, వడియాలు అమ్మడం మొదలుపెట్టింది. పెట్టుబడికి తన రెండు గాజులు తాకట్టుపెట్టినదని ఇంట్లో తెలిసినది నా ఒక్కదానికే. వస్తువు మంచిది; కాని దుకాణం ఉన్నదని ప్రక్కవీధి వారికి తెలియదు. పెద్ద ప్రకటనలకు డబ్బు లేదు. వీధుల్లో ఫ్లెక్సీలు కట్టడానికి లేదు. హైకోర్టు మందలించిన మీదట 2018లో నాటి మహానగర పాలిక వారు ఊరంతా ఫ్లెక్సీలు పీకించివేసిన సంగతి మనం చూసినదే. గోడలమీద అంటిద్దామంటే, బహిరంగ స్థలాలను వికారం చేయరాదని కర్ణాటకలో 1981 నాటి చట్టం ఉన్నది. కాబట్టి కరపత్రమే గతి అయినది.

రెండు వేల కాగితాలు అచ్చువేయించింది. పంచిపెట్టే పని పుచ్చుకునే ఒకాయన వెయ్యికి ఇంత అని బేరమాడి, "రేపు సాయంత్రానికల్లా మల్లేశ్వరం, వయ్యాలికావల్ ఇల్లిల్లూ తిరిగి వేయిస్తాను, మీకెందుకక్కా" అని భరోసా ఇచ్చి, ముందుగానే సొమ్ము పుచ్చుకుని వెళ్లాడు. రేపు గడిచింది, వారం గడిచింది. కరపత్రం పట్టుకుని ఒక్క మనిషి దుకాణానికి రాలేదు. ఎనిమిదవ నాడు పాత డబ్బాలు అమ్మడానికి గుజరీ అంగడికి వెళితే, అక్కడ త్రాసు ప్రక్కన తన దుకాణం పేరున్న కట్టలు, కట్టిన దారమైనా విప్పకుండా దర్శనమిచ్చాయి. ఇంటికి వచ్చి, "అత్తయ్యా, నా గాజులు తూకానికి వేశారు" అని ఏడ్చింది.

నాకు మొదట వచ్చినది కోపమే. కాని ఆ రాత్రి కాగితం, పెన్సిలు పుచ్చుకుని లెక్క వేస్తే సంగతి వేరుగా కనిపించింది. మనం మామూలుగా వాడే ఎ4 కాగితంలో సగం ఒక కరపత్రం. బరువు రెండున్నర గ్రాములు. రెండు వేలు కలిస్తే అయిదు కిలోలు. చిత్తుకాగితాల ధరకు అమ్మితే వచ్చేది ఏపాటి? అంతమాత్రం డబ్బుకోసం ఎవడూ మాట పోగొట్టుకోడు. ఇంకో లెక్క చూడండి. గేటు తీసి, కుక్క ఉన్నదేమో చూసి, మేడమీద అద్దెకున్నవారికి కూడా ఒకటి అందించి, గేటు వేసి బయటికి రావడానికి ఇంటికి ఒక్క నిమిషమే అనుకుందాం. రెండు వేల ఇళ్లకు రెండు వేల నిమిషాలు, అనగా ముప్పదిమూడు గంటల ఇరవై నిమిషాలు. ఎండలో రోజుకు అయిదు గంటలకు మించి నడవడం కష్టం. అంటే ఒక మనిషికి ఏడు రోజుల పని. ఆ ఏడు రోజుల పనికి మా అమ్మాయి ఇవ్వడానికి ఒప్పుకున్నది ఒక మనిషికి రెండు రోజుల కూలి అయినా కాదు. అందులో గుత్తకు పుచ్చుకున్న ఆయన వాటా పోగా, నడిచే కుర్రవానికి దక్కేదెంత?

అతడు చేసినది మోసమే, సందేహం లేదు. కాని నిజాయితీగా చేయడానికి వీలులేని బేరం మనమే ఆడి, తర్వాత నిజాయితీ లేదని వాపోవడం కూడా న్యాయం కాదు. కనీస వేతనాల చట్టం మన దేశంలో 1948లోనే వచ్చింది. వెయ్యి కాగితాలకు ఇంత అని గుత్త కట్టేటప్పుడు ఆ వెయ్యి కాగితాల వెనుక ఎన్ని గంటల నడక ఉన్నదో మనం అడగం. అడగకపోవడంలోనే మోసానికి విత్తు పడుతున్నది.

ఇంకొక సంగతి. పూర్వపు కరపత్రాల అడుగున ఫలానా ప్రెస్సులో ముద్రితము అని చిన్న అక్షరాలతో ఉండేది. అది అలంకారం కాదు. 1867 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీద ముద్రాపకుని పేరు, ఊరు ఉండితీరాలి. ఆ చట్టం పోయి 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం అమలులోకి వచ్చింది; అయినా ఎన్నికల కరపత్రాల మీద ముద్రాపకుని పేరూ ప్రకాశకుని పేరూ తప్పదని ప్రజాప్రాతినిధ్య చట్టం నేటికీ చెబుతున్నది. అచ్చువేసినవాని పేరు చట్టం అడిగింది. వేయించినవాని పేరు పై వరుసలోనే ఉంటుంది. ఎండలో తిరిగి పంచినవాని పేరు మాత్రం ఎవరికీ పట్టలేదు. మా అమ్మాయికి కూడా ఆ కుర్రవాని పేరు తెలియదు.

రెండవసారి మేము వేరే త్రోవ తొక్కాము. ఇటువంటి చిన్న వ్యాపారం పెట్టుకున్నవారు మన కుటుంబాలలో ఇంకా ఉన్నారు గనుక, నేర్చుకున్న నాలుగు ముక్కలు ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటిది, ఎన్ని పంచాలో కాదు, ఎవరికి పంచాలో నిర్ణయించుకోవడం. పచ్చడి కొనడానికి ఎవరూ పది మైళ్లు రారు. రెండు వేలు మాని అయిదు వందలు చాలుననుకున్నాము. నడిచి రాగల పది వీధులు మాత్రమే. వార్తాపత్రికలో పెట్టించడం సులభమైన మార్గమే. తెల్లవారుజామున రోడ్డుప్రక్కన పత్రికలు పేర్చుకునే ఏజెంటుకు ముందునాడే కాగితాలు అందజేస్తే, పత్రికతోపాటు ఇల్లు చేరుతాయి. కాని పత్రిక తెప్పించే ఇళ్లకే చేరుతాయి. ఉద్యోగాలకని వచ్చి గదులలో ఉంటున్న మన కుర్రకారు వార్తలు ఫోనులోనే చదువుతారు. ఆవకాయకోసం అలమటించేది వారే గదా! అపార్టుమెంట్లకు దారి వేరు. కాపలావాని కన్నుగప్పి లోపలికి వెళ్లడం తగని పని. అక్కడి సంఘం కార్యదర్శిని అడిగి నోటీసు బోర్డు మీద ఒకటి పెట్టించుకుంటే చాలు.

రెండవది, కూలి రోజుకు లెక్క. ఎన్ని ఇళ్లు తిరిగినా రోజు కూలి రోజుకు ఇవ్వాలి. మంచినీళ్లు, మధ్యాహ్నం ఫలహారం మనవే. తొందర లేదని తెలిస్తే మనిషి గేటు దగ్గర ఆగి, నమస్కారం చేసి, చేతికి ఇస్తాడు. తొందర ఉంటే గోడమీదనుంచి విసురుతాడు. విసిరినది కరపత్రం కాదు, చెత్త. దానిని మర్నాడు పొద్దున్న ఊడ్చేది పౌరకార్మికురాలు.

మూడవది, పిల్లలను ఈ పనికి పెట్టరాదు. సెలవుల్లో వీధి పిల్లలకు పదో ఇరవయ్యో ఇచ్చి పంచమనడం కొందరికి తప్పుగా తోచదు. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పటి నుంచి పధ్నాలుగేళ్లు నిండని పిల్లలను ఏ వ్యాపారంలోను కూలికి పెట్టుకోరాదు. చట్టం మాట అలా ఉంచినా, ముక్కూమొహం తెలియని ఇళ్ల గేట్లు తీయడానికి ఎవరి పిల్లనైనా ఎలా పంపుతాము?

నాలుగవది, తనిఖీ. అనుమానంతో వెంటబడనక్కరలేదు. ప్రతి వీధికి వేరుగా కాగితం మూలన ఒక అక్షరం ముద్ర వేశాము. ఆ కాగితం తెచ్చినవారికి చిన్న పొట్లం కందిపొడి ఉచితం. ఏ అక్షరం తిరిగి వచ్చినదో చూస్తే ఏ వీధిలో పంపకం జరిగినదో, ఏ వీధివారికి మన రుచి నచ్చినదో తెలిసిపోతుంది. కాగితం మీద ముందు కన్నడం, తర్వాత తెలుగు. ఈ ఊరి అన్నం తింటున్నాము. ఈ ఊరి మాట మొదట ఉండడం మర్యాద.

ఈ పనికి కుదిరినది కోలారు వైపునుంచి వచ్చి, మా వీధిలోనే రెండిళ్లలో పని చేసుకుంటున్న ఒకామె. కన్నడం, తెలుగు రెండూ ఆమె నాలుక మీద ఆడతాయి. మొదటి వీధి మా మేనకోడలు కూడా ఆమెతో నడిచింది. పది గేట్లు తిరిగేసరికి మూడు చోట్ల "ఏమీ అక్కరలేదు, వెళ్లండి" అన్నారట. ఒకచోట కాగితం తీసుకుని వారి కళ్లముందే ఉండచుట్టారట. సాయంత్రం వచ్చి, "అత్తయ్యా, దుకాణంలో కూర్చుంటే ఈ మాటలు నాకు వినపడేవి కావు. రోజంతా ఇవే పడుతూ నడవాలంటే ఎవరికి కాళ్లు వస్తాయి?" అన్నది.

అయిదు వందలు పంచడానికి ఇద్దరూ కలిసి తిరిగిన మొదటి రోజు పోగా ఆమెకు ఇంకో రెండు రోజులు పట్టింది. తిరిగి వచ్చిన కాగితాలు నలభైకి పైబడి లేవు. పెద్ద సంఖ్య కాదు, కాని మొదటిసారి వచ్చినది సున్నా. అంతకన్న విలువైనది ఆమె నోట తెచ్చిన వర్తమానం. "అక్కా, మూడో క్రాసులో పెద్దాయనకు బి.పి. ఉందంట, ఉప్పు తక్కువేసి చేస్తారా అని అడిగినారు. మూలింటామెకు ఒంట్లో బాగలేదు, కారం లేని పొడి కావాలంట." ఆ రెండూ ఆ వారమే తయారైనాయి. ఇప్పుడు ఉప్పు తగ్గించిన నిమ్మకాయకు అడిగి వచ్చేవారు వేరే ఉన్నారు. గాజులలో ఒకటి ఇంటికి వచ్చింది. రెండవది ఇంకా తాకట్టులోనే ఉన్నది. ఆ కోలారు ఆమె ఇప్పుడు ఉదయం పూట దుకాణంలోనే పని చేస్తున్నది.

చివరకు పాఠకులకు ఒక మనవి. మన గేటు దగ్గర ఎవరైనా కాగితం పట్టుకుని నిలబడితే, కావలసివస్తే పుచ్చుకుందాం, అక్కరలేకపోతే అక్కరలేదని మెత్తగా చెబుదాం. ఎండవేళ అయితే ఒక గ్లాసు మంచినీళ్లు ఇద్దాం. రేపు మన సంఘం ఉగాది కార్యక్రమానికి ఆహ్వానాలు పంచవలసి వస్తే, ఆ పని ఎవరికి అప్పగిస్తున్నామో వారి పేరు అడిగి తెలుసుకుందాం. చాకలిపద్దు వ్రాసుకోవలసివస్తే, ఒకసారి ముందువైపు చదివిన తర్వాతనే వెనుకకు తిప్పుదాం.