కాగితం మీద లేని మైదానం: గోదావరిఖని బస్తీల్లో పార్కు ఎవరిది?

గోదావరిఖనిలో ఖాళీ జాగకు కరువు లేదు. మూతపడ్డ ఇంక్లైన్ల మీద, ఓపెన్ కాస్టుల చుట్టూ, క్వార్టర్ల వెనక ఎకరాలకు ఎకరాలు పడి ఉన్నాయి. అయినా గుడిసెల బస్తీల్లో పిల్లలు రోడ్డు మీదే క్రికెట్ ఆడతారు. ఆడపిల్లలకు ఆ రోడ్డు కూడా లేదు. జాగ కంపెనీది కాబట్టి కార్పొరేషన్ అక్కడ పార్కు కట్టలేదు. బస్తీ క్వార్టర్ల లెక్కలో లేదు కాబట్టి దాని బాధ్యత కంపెనీది కాదు. ఈ రెండు గీతల నడుమ ఉన్న వాడల్లో దళితులు ఎందుకు ఎక్కువగా ఉన్నారో తెలియాలంటే ఈ ఊరు ఎట్లా పుట్టిందో చూడాలి.

1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు బయటపడింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. ఇప్పుడు అందులో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. గోదావరి ఒడ్డున రామగుండం గనులు 1960ల మొదట్లో మొదలయ్యాయి. ఊరు ముందు పుట్టి గని తర్వాత రాలేదు, గని చుట్టూనే ఊరు పెరిగింది. రోడ్లు, నల్లాలు, దవాఖాన, క్లబ్బులు, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం అన్నీ కంపెనీ కట్టినవే. గ్రేడును బట్టి క్వార్టర్, క్వార్టర్‌ను బట్టి సౌకర్యం. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన ఫిల్లర్లలో మాదిగ, మాల, వెనుకబడిన కులాల వాళ్లే ఎక్కువ. క్వార్టర్ల లైన్లలో కులాలు పక్కపక్కన బతికిన మాట నిజమే, ఊరి దొర కింద దొరకని ఊపిరి కొంత గని ఇచ్చిన మాటా నిజమే. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

కానీ క్వార్టర్ రానివాళ్లు, బదిలీ వర్కర్లు, కాంట్రాక్టు కూలీలు, ఊడ్చేవాళ్లు, బండ్ల మీద అమ్ముకునేవాళ్లు కంపెనీ జాగల్లోనే గుడిసెలు వేసుకున్నారు. 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంట్ కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలకు దిగింది. తండ్రి ఫిల్లర్‌గా క్వార్టర్‌లో ఉంటే, కొడుకు కాంట్రాక్టు కార్మికుడిగా బస్తీలో కిరాయికి ఉంటున్నాడు. పార్కును, మైదానాన్ని క్వార్టర్ల కాలనీకి కట్టేసిన ఏర్పాటులో, ఉద్యోగం పోయిన తరానికి ఆట కూడా పోయింది.

చట్టం మాత్రం ఈ తేడా ఒప్పుకోదు. 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పన్నెండో షెడ్యూలులో 12వ అంశం పార్కులు, తోటలు, ఆట స్థలాలు. అంటే ఇది మున్సిపాలిటీ దయ కాదు, దాని పని. రామగుండం 2009 నుంచి మున్సిపల్ కార్పొరేషన్. ప్రైవేటు లే అవుట్ వేస్తే 10 శాతం జాగ ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి. అట్లా పార్కుగా చూపిన స్థలాన్ని ఇంకో పనికి మళ్లించడం చెల్లదని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ పార్కు జాగను ప్రైవేటు నర్సింగ్ హోంకు ఇచ్చారు, కాలనీవాసులు కోర్టుకెక్కి గెలిచారు.

వాళ్లు గెలవగలిగింది లే అవుట్ ప్లాన్‌లో పార్కు అని గీసి ఉంది కాబట్టి. మన బస్తీలకు లే అవుట్ ఏది? సింగరేణి వదులుకున్న జాగల్లో ఇళ్లకు జీవో 76 కింద పట్టాలు ఇచ్చారు. అది పోరాడి సాధించుకున్నది, మంచిదే. కానీ ఆ ప్రక్రియ ఎట్లా నడుస్తుందో గమనించండి. ప్రతి ఇంటికీ ఒక దరఖాస్తుదారు ఉంటాడు, ఇంటిని కొలుస్తారు, గజాల లెక్కన పట్టా వస్తుంది. ఇళ్ల నడుమ పిల్లలు ఆడే జాగకు దరఖాస్తుదారు ఎవరు? ఎవరూ లేరు. ఇళ్లన్నీ కాగితం ఎక్కుతాయి, మైదానం ఒక్కటే ఎక్కదు. రికార్డులో అది ఖాళీ స్థలం. రేపు వాటర్ ట్యాంకుకో, సబ్ స్టేషన్‌కో, పలుకుబడి ఉన్నవాడి ప్రహరీకో జాగ కావాల్సి వస్తే ముందు కనపడేది అదే. బస్తీ తన ఆట స్థలాన్ని ఎక్కువగా ఇట్లాగే పోగొట్టుకుంటుంది, గొడవ లేకుండా.

పబ్లిక్ జాగ కోసం కొట్లాట మనకు కొత్తది కాదు. ప్రభుత్వ ఖర్చుతో నడిచే చెరువులు, బావులు, బహిరంగ స్థలాలు అంటరానివారికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి బోలే తీర్మానం చేసింది. కాగితం మీద తెరుచుకున్న మహాడ్ చెరువులో నీళ్లు ముట్టడానికి 1927 మార్చి 20న అంబేడ్కర్ వేల మందితో నడవాల్సి వచ్చింది. ఆ అనుభవం తర్వాత వచ్చిన రాజ్యాంగంలో 15(2) అధికరణ బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లతో పాటు ప్రజలు చేరే స్థలాలనూ పేరు పెట్టి చెప్పింది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఉమ్మడి వనరులను అందరితో సమానంగా వాడుకోనివ్వకపోవడాన్ని, బహిరంగ స్థలంలోకి రానివ్వకపోవడాన్ని నేరాల్లో చేర్చింది.

ఇవాళ పార్కు గేటు దగ్గర కులం అడిగేవాడు లేకపోవచ్చు. అడగాల్సిన అవసరం లేకుండానే పని జరుగుతుంది. పార్కు ఎక్కడ కట్టారు, గేటు ఎప్పుడు తీస్తారు, లోపల ఏముంది అన్నవే చాలు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తెరిచే పార్కు వాకింగ్‌కు వచ్చేవాళ్ల కోసం. మూడు షిఫ్టులలో తిరిగే కార్మికుడికి, పొద్దున్నే చీపురు పట్టుకుని బయల్దేరే పారిశుధ్య కార్మికురాలికి ఆ వేళలు కుదరవు. ఆమె ఆ పార్కులోకి వెళ్లేది ఊడవడానికే. పల్వంకర్ బాలూ కథ ఇక్కడ గుర్తొస్తుంది. చమార్ కులంలో పుట్టిన బాలూ పుణెలో పార్సీల క్లబ్బులో పిచ్ చూసుకునే కూలీగా మొదలై దేశంలోనే గొప్ప బౌలర్ అయ్యాడు. హిందూ జట్టు అతని బంతిని కోరుకుంది, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి కప్పులో ఇచ్చింది.

2022 జూన్‌లో మొదలైన తెలంగాణ క్రీడా ప్రాంగణాల పథకం ఈ లెక్కన మంచి పాఠం. ప్రతి ఆవాసానికీ ఒక మైదానం అన్న ఆలోచన సరైనదే. కానీ జాగ వెతికిన తీరు తలకిందులైంది. పిల్లలు ఎక్కడున్నారని కాకుండా సర్కారు భూమి ఎక్కడ మిగిలిందని చూశారు. ఊరి చివర, గుట్ట పక్కన బోర్డు, రెండు స్తంభాలు పాతి వదిలేసిన చోట్ల గురించి పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. ఏడేళ్ల పిల్ల ఒక్కతే నడిచి వెళ్లలేని దూరంలో ఉన్నది ఆట స్థలం కాదు. బస్తీకి ఒక పెద్ద పార్కు కన్నా ఐదు నిమిషాల నడకలో నాలుగు చిన్న జాగలు మేలు అని నా అభిప్రాయం. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో నీళ్లు తాగే లాన్ కన్నా వేప, కానుగ నీడ ముఖ్యం. ఒక మూల గద్దెలు, రాత్రి షిఫ్టు వాళ్లకూ పనికొచ్చే దీపం, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, బతుకమ్మ ఆడటానికి చదునైన నేల ఉండాలి. ఓపెన్ జిమ్ ఇనుప సామాను చివరగా ఆలోచించొచ్చు. ఎండలో కాలిన ఇనుమును పిల్లలు ముట్టుకోరు కూడా.

బొగ్గు ఊళ్లో ఇంకో చిక్కుంది. ఏ ఖాళీ జాగ పడితే అది అడగకూడదు. కింద బొగ్గు పిల్లర్లు తీసేసి పైకప్పును కూలనిచ్చిన చోటును గోఫ్ అంటారు. దాని పైనేల కుంగుతుంది, పగుళ్లు తేలుతుంది. గోదావరి ఇసుకతో నింపిన చోట ఈ ప్రమాదం తక్కువ. కింద ఏ పద్ధతిలో తవ్వారో, కుంగడం ఆగిందో లేదో కంపెనీ సర్వే విభాగం దగ్గర ప్లాన్లు ఉంటాయి. అవి చూపమని అడగడం మన పని. ఓబీ మట్టి గుట్టలు, నీళ్లు నిండిన పాత ఓసీ గుంతలు పైకి పచ్చగా, అందంగా కనిపిస్తాయి. కంచె, వాలు సరిచేయడం, కాపలా లేకుండా వాటిని పార్కు అనడం పిల్లల ప్రాణాలతో ఆట.

డబ్బు లేదన్న మాట కూడా నిలబడదు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజుల మీద గని యజమాని రాయల్టీలో 30 శాతం జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టుకు కట్టాలి. అది గని ప్రభావిత ప్రజల డబ్బు. 2009 నుంచి ప్రతి బొగ్గు గనికి మూసివేత ప్రణాళిక, దానికి ఎస్క్రో ఖాతా తప్పనిసరి. 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంటుంది. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ నిధి ఫ్లై ఓవర్లకు పోతుందని ఏటా మొత్తుకుంటాం, మన వాడ మైదానం కోసం ఎన్నిసార్లు అడిగాం?

పాత గనుల జాగల భవిష్యత్తు మీద నిర్ణయాలు ఇప్పుడే జరుగుతున్నాయి. మేడిపల్లి ఓపెన్ కాస్టు గుంతలో పంప్డ్ స్టోరేజీ విద్యుత్ ప్రాజెక్టు కట్టాలని సింగరేణి ప్రతిపాదించింది. కేంద్ర బొగ్గు శాఖ గనుల్లో ఎకో పార్కులు, టూరిజం అంటోంది. టూరిస్టు వచ్చే పార్కు కన్నా ముందు బ్లాస్టింగ్ దుమ్ము మింగిన వాడకు ఆట స్థలం రావాలి.

అడగడానికి దారులు ఉన్నాయి. సమాచార హక్కు చట్టం కింద దగ్గరి గని మూసివేత ప్రణాళిక నకలు, ఎస్క్రో ఖాతా లెక్క తీసుకోవచ్చు. గని విస్తరణకు పర్యావరణ అనుమతి కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో ఉద్యోగాలు, పరిహారంతో పాటు మైదానం సంగతీ చెప్పి, రాతపూర్వకంగా ఇచ్చి నమోదు చేయించాలి. అక్కడ నమోదైన అంశానికి తుది నివేదికలో కంపెనీ జవాబు చెప్పాలి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు తీసుకునే గడువులోనే బస్తీ తరఫున దరఖాస్తు వెళ్లాలి. 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ 15 మందితో నాలుగు కమిటీలు ఉండాలి. మీ వార్డులో అవి ఉన్నాయా, వాటిలో గుడిసెల వైపు వాళ్లు ఎంతమంది అని అడగండి.

వీటన్నిటికీ ముందు ఒక ఆదివారం చాలు. చదువుకునే పిల్లలు నలుగురు టేపు పట్టుకుని తమ ఆట జాగను కొలిచి, హద్దులు రాసి, సర్వే నంబరు కనుక్కుని, ఎన్నేళ్లుగా అక్కడ ఆడుతున్నారో, బతుకమ్మ ఎక్కడ పెడుతున్నారో పెద్దల సంతకాలతో ఒక పటం గీయాలి. ఇంటి పట్టాల దరఖాస్తుల కట్టతో పాటు ఆ పటమూ తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. దరఖాస్తుదారు అన్న చోట ఏం రాయాలని అక్కడ అడుగుతారు. బస్తీ పేరు రాయండి.