సర్వర్‌కీ ఒక చిట్టా కావాలి

లాగ్ అనగానే మన బ్రాంచ్ వాళ్ళకి సర్వర్ తనంతట తాను రాసుకునే ఫైళ్ళే గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది వాటి గురించి కాదు. సర్వర్‌ని చూసుకునే మనిషి తన చేత్తో రాసుకునే లాగ్ గురించి. దీనికి తెలుగులో మంచి మాట ఎప్పటినుంచో ఉంది: చిట్టా. దుకాణంలో ఏ రోజు లావాదేవీ ఆ రోజే, జరిగిన వరసలో రాసే పుస్తకం అది. అందులోంచి ఖాతాల వారీగా విడదీసి రాసేది ఆవర్జా. ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్న నాకు ఈ రెండు మాటలూ మన సాహితీ క్లబ్‌లోకి వచ్చాకే తెలిశాయి. సర్వర్‌కి ముందు కావలసింది చిట్టానే.

"సర్వర్ అన్నీ రాసుకుంటుంది కదా, మళ్ళీ మనమెందుకు రాయాలి?" అని మీరు అడగొచ్చు. నిజమే, చాలా రాస్తుంది. ఉబుంటులో ఏ ప్యాకేజీ ఎప్పుడు ఇన్‌స్టాల్ అయిందో ఆప్ట్ హిస్టరీ ఫైల్‌లో తేదీతో సహా ఉంటుంది. ఎవరు లాగిన్ అయ్యారు, సుడోతో ఏ కమాండ్ కొట్టారు అన్నది ఆథ్ లాగ్‌లో ఉంటుంది. మనం టైప్ చేసిన కమాండ్లు బ్యాష్ హిస్టరీలో ఉంటాయి.

కానీ వీటికి హద్దులున్నాయి. ఉబుంటులో మామూలు సెట్టింగ్ ప్రకారం బ్యాష్ హిస్టరీ ఫైల్ 2000 లైన్లకే పరిమితం. మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప ఏ కమాండ్ ఎప్పుడు కొట్టామో అందులో ఉండదు. నానోలో ఫైల్ తెరిచి ఏం మార్చామో అసలే ఉండదు, తెరిచామన్న సంగతి మాత్రమే ఉంటుంది. ఆథ్ లాగ్‌ని వారానికోసారి పక్కకి తీసి, పాతవాటిలో నాలుగు ఉంచి మిగతావి చెరిపేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, "ఎందుకు" అన్న ప్రశ్నకి ఏ మెషీన్ లాగ్‌లోనూ జవాబు దొరకదు. అది చేసిన మనిషికే తెలుసు. ఆ మనిషేమో ఫైనలియర్ అయిపోగానే వెళ్ళిపోతాడు.

నేను ఫస్టియర్‌లో ఉండగా దగ్గరుండి చూసిన ఒక సంగతి చెప్తాను. మా కోడింగ్ క్లబ్‌కి ఒక చిన్న క్లౌడ్ సర్వర్ ఉంది. ఫెస్ట్ రిజిస్ట్రేషన్ పేజీ అందులోనే. 2025 ఫిబ్రవరి 20న పేజీ తెరిస్తే బ్రౌజర్ "ఈ సైట్ సురక్షితం కాదు" అంటోంది. సర్టిఫికెట్ గడువు అయిపోయింది. మేం వాడేది లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్. దాని గడువు 90 రోజులు. ఇంకా 30 రోజులుండగానే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ దాన్ని రెన్యూ చేయాలి. జనవరి 21 నుంచి అది ప్రయత్నిస్తూనే ఉంది, ప్రతిసారీ ఫెయిలవుతూనే ఉంది. ఫైర్‌వాల్‌లో 80వ పోర్టు మూసి ఉండడమే కారణం. సైట్ 443వ పోర్టు మీద నడుస్తుంది, నిజమే. కానీ డొమైన్ మనదేనని లెట్స్ ఎన్‌క్రిప్ట్ సరిచూసుకునేది, మేం పెట్టుకున్న పద్ధతిలో, 80వ పోర్టు మీదే.

ఇంతవరకూ ఎర్రర్ మెసేజే చెప్పేసింది. అసలు ప్రశ్న వేరే: ఆ పోర్టు ఎందుకు మూశారు? ఎవరైనా దాడి చేస్తే మూశారా? తెరిస్తే ఇంకేమైనా అవుతుందా? ఆథ్ లాగ్‌లో ఆ రోజులవి అప్పటికే చెరిగిపోయాయి. అప్పుడు ఒక సీనియర్ అక్క క్లబ్ చిట్టా తెరిచింది. జనవరి 9న ఇలా ఉంది:

"2025-01-09, రాత్రి 11:40. 80వ పోర్టు మూశాం. కారణం: అందరూ హెచ్‌టీటీపీఎస్‌తోనే వస్తున్నారు, అనవసరమైన పోర్టులు తెరిచి ఉంచొద్దని. చెక్: సైట్ తెరుచుకుంటోంది. వెనక్కి తీసుకోవాలంటే: ఫైర్‌వాల్‌లో 80ని మళ్ళీ అనుమతిస్తే చాలు."

ఆరు వారాల కిందటి ఆ నాలుగు ముక్కలు చదివాక భయం పోయింది. దాడీ లేదు, గీడీ లేదు. పోర్టు తెరిచారు, సర్టిఫికెట్ రెన్యూ చేశారు, పేజీ వచ్చింది. ఆ ఎంట్రీ రాసినవాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. రాసినందుకు థాంక్స్ చెప్పారు.

ఇక ఏం రాయాలి అంటే, ఆ ఎంట్రీలోనే అంతా ఉంది: ఎప్పుడు, ఏం మార్చాం, ఎందుకు, పనిచేస్తోందని ఎలా చూశాం, వెనక్కి ఎలా తీసుకోవాలి. ఎక్కువమంది పనిచేసేచోట రాసినవాళ్ళ పేరు, ఒకటికన్నా ఎక్కువ సర్వర్లుంటే సర్వర్ పేరు కూడా కావాలి. పెద్ద టూల్ ఏమీ అక్కర్లేదు, ఒక టెక్స్ట్ ఫైల్ చాలు. కొన్ని జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి.

తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో రాయండి. వెతకడం, వరసలో పెట్టడం తేలిక.

ఏ టైమ్ జోనో ముందే తేల్చుకోండి. క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీలో ఉంటాయి. మన రాత్రి 11:40 దానికి సాయంత్రం 6:10. మనకి తెల్లవారుజామున 2 గంటలైతే దానికి ఇంకా నిన్నటి తేదీయే.

పాస్‌వర్డ్‌లు, కీలు ఎప్పుడూ రాయొద్దు.

చిట్టాని అదే సర్వర్‌లో మాత్రమే ఉంచొద్దు. సర్వర్ పోయిన రోజే కదా దాని అవసరం! మేం ప్రైవేట్ గిట్ రిపోజిటరీలో పెడతాం.

పని చేస్తుండగానే రాయండి. రేపు రాద్దాం అనుకుంటే "ఎందుకు" అన్నదే ముందు మర్చిపోతాం.

ఇదేమీ కొత్త అలవాటు కాదు. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ టూ కంప్యూటర్ దగ్గర పనిచేసేవాళ్ళు ఒక రిలేలో చిక్కుకున్న చిమ్మటని తీసి, లాగ్ పుస్తకంలో టేప్‌తో అంటించారు. బగ్ అనే మాట అంతకుముందే ఉంది, కాబట్టి వాళ్ళకి అదో జోక్. నాకు మాత్రం ఆ పేజీలో నచ్చింది వేరే. టైమ్ 15:45, ప్యానెల్ ఎఫ్, 70వ రిలే అని పద్ధతిగా రాశారు, సాక్ష్యాన్ని పక్కనే అంటించారు. అందుకే ఆ పేజీ ఇప్పటికీ స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది, మనమూ చదవగలుగుతున్నాం.

మీ దగ్గర సర్వర్ లేకపోయినా లాప్‌టాప్‌లో డ్యూయల్ బూట్ ఉంటుంది, లేదా మినీ ప్రాజెక్ట్ కోసం పెట్టుకున్న డేటాబేస్ ఉంటుంది. దానికే ఒక ఫైల్ తెరవండి. తెలుగులో రాస్తారో, ఇంగ్లిష్‌లో రాస్తారో మీ ఇష్టం. మీ తర్వాత ఆ మెషీన్ ముందు కూర్చునే జూనియర్‌కి అర్థమైతే చాలు.