కొనుక్కున్న అనుభవం నిలవదు
మొదటి కొలువు కోసం ఎదురుచూసే కంప్యూటర్ పట్టభద్రులకు శ్రీహరికోట చెప్పే పాఠం

శ్రీహరికోట: అనుభవం ఉందా అని అడుగుతారు. లేదంటే ఉద్యోగం లేదంటారు. ఉద్యోగమే ఇవ్వకపోతే అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది? కంప్యూటర్ చదువు ముగించి ఊరికి తిరిగొచ్చిన బిడ్డలున్న ఇళ్లలో వినిపించే మాట ఇదే. సూళ్లూరుపేట, తడ, నాయుడుపేట, సత్యవేడు వైపు రైతులైనా, కూలీలైనా అప్పోసప్పో చేసి పిల్లలను ఇంజినీరింగ్ చదివిస్తున్నారు. పట్టా చేతికొచ్చినా ప్రోగ్రామర్ కొలువు రాకపోతే అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు.

సరిగ్గా ఈ సమయంలోనే దళారులు దిగుతారు. నగరంలో ఫలానా కంపెనీలో రెండేళ్లు పనిచేసినట్లు కాగితాలు ఇప్పిస్తామంటారు. లక్షల్లో అడుగుతారు. పాడి పశువులను అమ్మో, పొలం తాకట్టు పెట్టో ఆ డబ్బు కట్టే తల్లిదండ్రులూ ఉన్నారు.

కాగితం ఒకటి, లెక్క ఒకటి

ఈ దొంగ కాగితాలు ఎంతో కాలం నిలవవు. ఉద్యోగి ఏ సంస్థలో ఎప్పుడు చేరాడు, ఎప్పుడు మానాడు అన్నది భవిష్యనిధి ఖాతాలో నమోదై ఉంటుంది. 2014 నుంచి ప్రతి చందాదారుకూ 12 అంకెల శాశ్వత సంఖ్య ఇస్తున్నారు. పేరున్న కంపెనీలు చాలా వరకు ఆ వివరాలను సరిచూస్తాయి. కాగితంలో రెండేళ్లు ఉండి, ఖాతాలో ఒక్క నెల కూడా లేకపోతే గుట్టు బయటపడుతుంది. అప్పుడు ఉద్యోగమూ పోతుంది, మాటా పోతుంది. దళారికి ఇచ్చిన డబ్బు తిరిగి రాదు.

మరి అనుభవం లేనివారు ఏం చేయాలి? పులికాట్ సరస్సుకు అవతల ఉన్న దీవి చరిత్రలోనే ఇందుకు జవాబుంది.

అనుభవం లేకుండానే మొదలు

రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోటను 1969లో ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. ఆ తరువాత ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టే ఎస్ఎల్‌వీ-3 రాకెట్ తయారీకి పూనుకున్నారు. అంతకు ముందు మన దేశంలో ఆ పని చేసినవారు ఎవరూ లేరు. ప్రాజెక్టు డైరెక్టరుగా ఉన్న అబ్దుల్ కలాంకు గానీ, ఆయన బృందానికి గానీ అది మొదటిసారే.

1979 ఆగస్టు 10న ప్రయోగం జరిగింది. చివరి నిమిషాల్లో లోపం కనిపించి కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసింది. ఫరవాలేదని నిపుణులు చెప్పడంతో కంప్యూటర్ మాట పక్కన పెట్టి ముందుకు వెళ్లామని కలాం తరువాతి కాలంలో అనేక సభల్లో చెప్పారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థ పనిచేయక రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ విలేకరుల ముందుకు వచ్చి వైఫల్యం బాధ్యతను తానే తీసుకున్నారు.

తప్పు ఎక్కడ జరిగిందో వెతికి సరిదిద్దారు. ఏడాది తిరగక ముందే, 1980 జూలై 18న అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ అనుభవాన్ని ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. చేసిన పనిలోనుంచి, దొరికిన తప్పులోనుంచి వచ్చింది.

అనుభవం ఉంటేనే అనర్హత

అనుభవం లేనివారి కోసమే ప్రభుత్వం ఏర్పాటు చేసిన దారి అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి ఇంజినీరింగ్ పట్టభద్రులను, డిప్లొమా వారిని కూడా అందులో చేర్చారు. శిక్షణ ఏడాది పాటు ఉంటుంది. నెలనెలా భృతి ఇస్తారు. ఏడాది, అంతకు మించి పనిచేసినవారు దీనికి అర్హులు కారు. అంటే, బయట అడ్డమైన 'అనుభవం లేదు' అన్న మాటే ఇక్కడ అర్హత అవుతోంది. ఇస్రో కేంద్రాలు, ప్రభుత్వ రంగ సంస్థలు, ప్రైవేటు కంపెనీలు కూడా అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. శిక్షణ ముగిశాక అక్కడే ఉద్యోగం ఇస్తారన్న హామీ లేదు. అయినా చేతికి వచ్చే ధ్రువపత్రం నిజమైనది. పదో తరగతి చదివినవారికి ఐటీఐలో కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్ అనే ఏడాది కోర్సు ఉంది.

ఇస్రోలో శాస్త్రవేత్త, ఇంజినీరు 'ఎస్‌సీ' హోదా ఉద్యోగాలకు కూడా పూర్వానుభవం అడగరు. ఇక్కడ ఎస్‌సీ అన్నది హోదా పేరే గాని కుల రిజర్వేషను కాదని అభ్యర్థులు గమనించాలి. కంప్యూటర్ సైన్స్ వారికి కూడా ఇందులో ఖాళీలు ప్రకటిస్తుంటారు. ఇంజినీరింగ్‌లో మొదటి శ్రేణి, 65 శాతం మార్కులు ఉండాలి. ప్రకటన ఇస్రో వెబ్‌సైట్‌లోనే వస్తుంది. మధ్యవర్తులతో పనిలేదు. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగారంటే అది మోసమే.

పాల కేంద్రంలో మొదటి ప్రోగ్రాం

ఈ అవకాశాలు వచ్చే వరకు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. ఊళ్లోని పాల కేంద్రాన్నే తీసుకోవచ్చు. ఉదయం, సాయంత్రం ఎవరెన్ని లీటర్లు పోశారో, వెన్న శాతం ఎంతో రాసుకుని బిల్లు కడతారు. ఈ లెక్కకు ఒక చిన్న ప్రోగ్రాం రాసి, కేంద్రం వారి అనుమతితో నెల రోజులు నడిపి చూడాలి. ఒకే పేరుతో ఇద్దరు రైతులుంటే ఏమవుతుంది? వెన్న శాతం 4.5 బదులు పొరపాటున 45 అని కొడితే ప్రోగ్రాం పట్టుకుంటుందా? మధ్యలో కరెంటు పోతే ఉదయం లెక్క ఉంటుందా, పోతుందా? పుస్తకం లెక్కతో పైసా తేడా వస్తే ఆ తేడా ఎక్కడిది?

ఈ ప్రశ్నలు ఎదురైనప్పుడు ఏం చేశారో తేదీలతో రాసి పెట్టుకోవాలి. ప్రోగ్రాములను పదిమందీ చూసేలా ఉంచే గిట్‌హబ్ వంటి చోట పెట్టాలి. రైతుల పేర్లు, ఖాతా వివరాలు మాత్రం అందులో ఉంచకూడదు. దీనికి కావలసింది ఒక కంప్యూటర్, ఓపిక. పొలం తాకట్టు పెట్టవలసిన పని లేదు.

ఇంటర్వ్యూలో అనుభవం ఉందా అని అడిగినప్పుడు ఉద్యోగానుభవం లేదనే చెప్పాలి. ఆ వెంటనే, తాను చేసిన పని ఇదీ, అందులో వచ్చిన తప్పు ఇదీ, దాన్ని సరిచేసిన తీరు ఇదీ అని చూపాలి. అందరూ తీసుకోకపోవచ్చు. తీసుకున్నచోట మాత్రం తలవంచుకుని పనిచేయవలసిన అవసరం రాదు. సముద్రంలో పడిన మొదటి రాకెట్ సంగతిని కలాం దాచలేదు. మన బిడ్డలు మాత్రం తమ మొదటి తప్పును ఎందుకు దాచుకోవాలి?