స్క్రీన్ వెలుతురు ఎవరి చేతిలో ఉంది?

లైనక్స్ ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్‌తో కొత్త కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, పడుతుంది. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ అన్నీ మామూలుగానే ఉంటాయి. స్క్రీన్ వెలుతురు ఒక్కటే మాట వినదు. బ్రైట్‌నెస్ కీ నొక్కితే తెర మీద చిన్న గీత పెరుగుతుంది, తగ్గుతుంది. వెలుతురు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ గీత కూడా రాదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే స్లైడరే కనిపించదు. అర్ధరాత్రి చీకటి గదిలో చదువుకునేవాళ్లకు ఇది కంటికి శిక్ష. బ్యాటరీ మీద పనిచేసేవాళ్లకు మరో నష్టం. తేలికపాటి పనుల్లో ల్యాప్‌టాప్ ఖర్చుచేసే కరెంటులో పెద్ద వాటా స్క్రీన్ వెలుగుదే.

డిస్‌ప్లే పోయిందేమోనని సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో, ఉబుంటు వంటి వాటిలోనైతే ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ లోకి వెళ్లి, పాత కెర్నెల్‌ను ఎంచుకోవాలి. ఉబుంటు, ఫెడోరా వంటి పంపిణీలు కొత్త కెర్నెల్ వేశాక పాతదాన్ని వెంటనే తీసేయవు. పాతదానితో ఆ కీలే చక్కగా పనిచేస్తే స్క్రీన్‌కు, కీబోర్డుకు ఏమీ కాలేదన్నమాట. ఆ రెండు కెర్నెళ్ల మధ్య ఒక నిర్ణయం మారింది. స్క్రీన్ వెలుతురు మార్చమని ఎవరికి చెప్పాలి అన్న నిర్ణయం అది. ఇంత చిన్న పనికి నిర్ణయం అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే తెర వెనక్కి వెళ్లాలి.

ఎల్‌సీడీ తెరకు సొంత వెలుగు లేదు. దాని వెనక లేదా అంచున ఎల్‌ఈడీల వరుస ఒకటి వెలుగుతుంటుంది. దాన్నే బ్యాక్‌లైట్ అంటాం. ఎల్‌ఈడీల వెలుతురు తగ్గించడానికి చాలా ల్యాప్‌టాప్‌లు వాటిని సెకనుకు కొన్ని వందల సార్లో, వేల సార్లో వెలిగించి ఆర్పుతుంటాయి. వెలిగే సమయం, ఆరి ఉండే సమయం సమానమైతే సగం వెలుతురు. వెలిగేది పదో వంతు సమయమైతే పదో వంతు వెలుతురు. కంటికి ఆ ఆరడం తెలియదు, మసక మాత్రమే తెలుస్తుంది. ఈ పద్ధతిని పీడబ్ల్యూఎం అంటారు. దాన్ని నడిపే సర్క్యూట్‌కు కావలసింది ఒకే ఒక్క సంఖ్య. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న చాలా యంత్రాల్లో ఆ సంఖ్య గ్రాఫిక్స్ చిప్‌లోని ఒక రిజిస్టర్‌లో ఉంటుంది.

ఆ సంఖ్యను రాసే హక్కు ఎవరిది? ఇక్కడే చిక్కంతా. ఒకే ల్యాప్‌టాప్‌లో ముగ్గురు దాన్ని రాయగలరు. గ్రాఫిక్స్ డ్రైవర్ నేరుగా రిజిస్టర్‌లో రాయవచ్చు. తయారీ కంపెనీ తన మోడళ్లకు మాత్రమే పెట్టుకున్న ప్రత్యేక మార్గం ద్వారా రాయవచ్చు. మూడోది ఏసీపీఐ మార్గం. అది మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్‌కు, అంటే మనం వాడుకలో బయాస్ అనే దానికి, పని అప్పగిస్తుంది.

ఏసీపీఐ అనేది 1996 డిసెంబర్‌లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి విడుదల చేసిన ప్రమాణం. ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ బ్యాటరీ, ఫ్యాన్, మూత, వెలుతురు ఒక్కో రకంగా వైరింగ్ చేసి ఉంటాయి. ఆ వివరాలన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ తెలుసుకోనక్కర్లేకుండా, తయారీదారే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి ఫర్మ్‌వేర్‌లో పెడతాడు. కెర్నెల్‌లో ఉండే ఒక ఇంటర్‌ప్రెటర్ వాటిని నడుపుతుంది. వెలుతురు కోసం అలాంటివి ముఖ్యంగా మూడు. బీసీఎల్ అనేది ఏయే స్థాయిలు దొరుకుతాయో జాబితా ఇస్తుంది. బీసీఎం కోరిన స్థాయిని పెడుతుంది. బీక్యూసీ ఇప్పుడున్న స్థాయి ఎంతో చెబుతుంది. లోపల ఆ ప్రోగ్రాము నిజంగా ఏం చేస్తోందో కెర్నెల్‌కు పట్టదు. పని అప్పగిస్తుంది, తప్పు జరిగినట్టు కబురు రాకపోతే అయిపోయిందనుకుంటుంది.

లైనక్స్‌లో ఈ మార్గాలు ‘సిస్’ డైరెక్టరీలో ‘క్లాస్’ కింద ‘బ్యాక్‌లైట్’ అనే ఫోల్డర్‌లో కనిపిస్తాయి. అక్కడ ‘ఏసీపీఐ వీడియో 0’, ‘ఇంటెల్ బ్యాక్‌లైట్’, ‘ఏఎండీజీపీయూ బీఎల్ 0’ వంటి పేర్లుంటాయి. ఒక్కోదానిలో ప్రస్తుత విలువ, గరిష్ఠ విలువ, రకం చెప్పే ఫైళ్లు ఉంటాయి. రకాలు మూడు: ఫర్మ్‌వేర్, ప్లాట్‌ఫామ్ (కంపెనీ మార్గం), రా (గ్రాఫిక్స్ డ్రైవర్). రెండు మూడు ఉంటే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఇదే వరుసలో ముందున్నదాన్ని ఎంచుకోవడం చాలాకాలం నడిచిన ఆనవాయితీ. ఒకే బల్బుకు రెండు స్విచ్‌లు బిగించి, వాటిలో ఒకదానికి వైరు తెగిపోయిన ఇల్లు ఊహించండి. వైరు తెగిన స్విచ్ కూడా టిక్కుమని పడుతుంది. డెస్క్‌టాప్ దాన్నే పట్టుకుని కూర్చుంటే గీత కదులుతుంది, వెలుతురు కదలదు. ఇప్పుడెంత ఉందని అడిగినా, కొన్ని ఫర్మ్‌వేర్‌లు చివరగా తమకు చెప్పిన సంఖ్యనే తిరిగి అప్పజెబుతాయి. తెర నిజంగా ఎంత వెలుగుతోందో చూసే కన్ను కెర్నెల్‌కు లేదు.

అయితే నిన్నటి దాకా పనిచేసిన స్విచ్‌కు వైరు ఎలా తెగుతుంది? ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే భాగం ఇదే.

ఫర్మ్‌వేర్‌లోని ప్రోగ్రాములు తమను నడుపుతున్నది ఏ ఆపరేటింగ్ సిస్టమో అడగవచ్చు. ఓఎస్ఐ అనే పద్ధతితో ‘నీకు విండోస్ 2009 తెలుసా?’, ‘విండోస్ 2012 తెలుసా?’ అని ఒక్కో పేరుతో ప్రశ్న వేస్తాయి. లైనక్స్ ఈ విండోస్ ప్రశ్నలన్నిటికీ అవునని జవాబిస్తుంది. ‘లైనక్స్ తెలుసా?’ అని అడిగితే మాత్రం కాదంటుంది. వినడానికి వింతగా ఉన్నా దీని వెనక అనుభవం ఉంది. ల్యాప్‌టాప్ కంపెనీలు ఫర్మ్‌వేర్‌ను విండోస్‌తో పరీక్షించి అమ్మకానికి పంపుతాయి. విండోస్ నడిచే దారి ఒక్కటే అరిగి నునుపైన దారి. లైనక్స్ కోసమని విడిగా రాసిన దారులు ఒకసారి రాసి వదిలేసినవి, కెర్నెల్ మారినా అవి మారవు. అందుకే కెర్నెల్ రచయితలు విండోస్ వెళ్లే దారినే పోవాలని తేల్చుకున్నారు. నాకు అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. కానీ దానికొక ధర ఉంది: విండోస్ దారి మార్చిన ప్రతిసారీ లైనక్స్ కూడా మార్చాల్సిందే.

2012లో విండోస్ 8 వచ్చింది; ఫర్మ్‌వేర్ ప్రశ్నల్లో ‘విండోస్ 2012’ అంటే ఇదే. వెలుతురు నియంత్రణను అది గ్రాఫిక్స్ డ్రైవర్లకు అప్పగించింది. అంటే ఫర్మ్‌వేర్‌లోని బీసీఎం ప్రోగ్రామును పిలిచేవాళ్లే లేకుండా పోయారు. పిలవనిదాన్ని ఎవరు పరీక్షిస్తారు? విండోస్ 8 అని జవాబు వస్తే కొన్ని లెనోవో మోడళ్ల ఫర్మ్‌వేర్ తిక్కగా ప్రవర్తించింది. కొన్ని డెల్ మోడళ్లలో వెలుతురు మార్చడం పూర్తిగా ఆగిపోయింది. 2012 డిసెంబర్‌లో వచ్చిన లైనక్స్ 3.7 ‘విండోస్ 2012 తెలుసా?’ అన్న ప్రశ్నకు మొదటిసారి అవునంది. దాంతో కొన్ని థింక్‌ప్యాడ్‌లలో బ్రైట్‌నెస్ కీలు పనిచేయడం మానేశాయి. దానికి కారణం బ్యాక్‌లైట్ కోడ్‌లో వచ్చిన మార్పు కాదు. మారింది ఒక ప్రశ్నకు ఇచ్చే జవాబు మాత్రమే.

మరుసటి సంవత్సరం కెర్నెల్ డెవలపర్ మాథ్యూ గారెట్ ఒక మార్పు ప్రతిపాదించాడు. ఫర్మ్‌వేర్ విండోస్ 8ను ఎదురుచూసే రకమైతే ఏసీపీఐ బ్యాక్‌లైట్‌ను అసలు చూపించవద్దు, ఇంటెల్ డ్రైవర్‌కే వదిలేద్దాం అని. తర్కం సబబైనదే. 3.11 కోసం దాన్ని కలిపారు కూడా. అప్పటివరకు బాగానే ఉన్న వేరే ల్యాప్‌టాప్‌లు దానితో చెడ్డాయని తెలియగానే, ఆ కెర్నెల్ విడుదల కాకముందే దాన్ని వెనక్కి తీసేశారు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుబట్టే నియమం ఒకటుంది: కొత్త కెర్నెల్ వల్ల నిన్నటి దాకా నడిచింది ఆగిపోకూడదు. పదిమందికి మేలు చేసే మార్పు అయినా ఇద్దరికి పనిచేసేది చెడితే అది దిద్దాల్సిన లోపమే. గారెట్ ఆలోచన స్థిరపడటానికి మరో ఏడాది పట్టింది. 2014 ఆగస్టులో వచ్చిన 3.16లో, విండోస్ 8 కాలపు యంత్రాలకు గ్రాఫిక్స్ డ్రైవరే మొదటి ఎంపిక అయింది.

అయినా రెండు స్విచ్‌ల సమస్య పూర్తిగా పోలేదు. చాలా యంత్రాల్లో కెర్నెల్ ఒకటి కంటే ఎక్కువ మార్గాలు చూపిస్తూనే ఉంది. ఏది నిజమో తేల్చుకునే భారం డెస్క్‌టాప్ మీద పడుతూనే ఉంది. రెడ్ హ్యాట్‌లో పనిచేసిన హాన్స్ డి గూడే ఈ మూలాన్నే సరిచేయాలని పూనుకున్నాడు. ఒక తెరకు ఒకే మార్గం. అది ఏదో కెర్నెలే నిర్ణయిస్తుంది. 2022 డిసెంబర్ 11న విడుదలైన 6.1లో ఈ మార్పు వచ్చింది. విడుదలకు ముందే ఆయన కొన్ని రకాల ల్యాప్‌టాప్‌లున్న వాళ్లను పరీక్షించి చెప్పమని బహిరంగంగా కోరాడు. ప్రపంచంలోని ల్యాప్‌టాప్ మోడళ్లన్నీ ఒక మనిషి బల్ల మీదికి రావు కదా.

కెర్నెల్ ఊహ సరిపోయిన చోట ఎవరికీ ఏమీ తెలియలేదు. తప్పిన చోట ఫలితం తీవ్రంగా ఉంది. ఒకే స్విచ్ మిగిల్చి, అది కాస్తా తప్పుదైతే మరో దిక్కు ఉండదు. కొన్ని యంత్రాల్లో బ్యాక్‌లైట్ ఫోల్డర్ ఖాళీ అయిపోయింది. అసలు ఫర్మ్‌వేర్ తీసేసి వేరేది వేసుకున్న క్రోమ్‌బుక్‌లు, రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న కొన్ని యాపిల్ ల్యాప్‌టాప్‌లు ఇలాగే ఇబ్బంది పడ్డాయి. వాటికి తర్వాత సవరణలు వచ్చాయి. ఇక్కడ గమనించాల్సింది మరొకటి ఉంది. చాలామంది 6.1ను పనిగట్టుకుని వేసుకోలేదు. డెబియన్ 11లో ఉన్నది 5.10, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఉన్నది 6.1. ఉబుంటు 22.04 మొదట 5.15తో వచ్చి, మామూలు అప్‌డేట్లలోనే 2023లో 6.2కు మారింది. రోజువారీ అప్‌డేట్ అనుకుని ఒక బటన్ నొక్కినవాళ్లు తమకు తెలియకుండానే ఈ గీత దాటారు.

అప్‌డేట్ తర్వాత మొదటిసారి తెర పూర్తి వెలుతురుతో రావడానికి మరో మామూలు కారణం కూడా ఉండవచ్చు. షట్‌డౌన్ చేసేటప్పుడు వెలుతురు విలువను సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాము దాచిపెట్టి, మళ్లీ బూట్ అయినప్పుడు పెడుతుంది. దాచేది ఆ మార్గం పేరుతోనే. పేరు మారితే పాత విలువ దొరకదు. ఒకసారి సరిచేసుకుంటే పోయే ఇబ్బంది ఇది.

అసలు సమస్యే అయితే ఏం చేయాలి? ముందు పాత, కొత్త కెర్నెళ్లు రెండింటిలోనూ బ్యాక్‌లైట్ ఫోల్డర్‌లో ఏ పేర్లున్నాయో రాసుకోవాలి. రోగ నిర్ధారణ సగం అక్కడే అయిపోతుంది. కొత్తదానిలో ‘ఏసీపీఐ వీడియో’ మాత్రమే మిగిలి, పాతదానిలో ‘ఇంటెల్ బ్యాక్‌లైట్’ కూడా ఉండి ఉంటే తప్పు ఎంపిక జరిగిందని అర్థం. బూట్ సమయంలో కెర్నెల్‌కు ఇచ్చే ఎంపికల్లో ‘ఏసీపీఐ బ్యాక్‌లైట్’ అనేది ఒకటుంది. దానికి ‘నేటివ్’ అని విలువ ఇస్తే గ్రాఫిక్స్ డ్రైవర్, ‘వీడియో’ అంటే ఫర్మ్‌వేర్, ‘వెండర్’ అంటే కంపెనీ మార్గం అమలవుతాయి. గ్రబ్ మెనూలో ఒక్కసారికి మాత్రమే మార్చి చూసి, పనిచేస్తేనే శాశ్వతంగా రాసుకోవడం మంచిది. నేటివ్ మార్గంలో ఒక జాగ్రత్త: అక్కడ సున్నా అంటే కొన్ని యంత్రాల్లో నిజంగానే సున్నా, తెర పూర్తిగా చీకటవుతుంది.

ఎన్‌విడియా చిప్ కూడా ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో తెర ఏ చిప్‌కు కలిసి ఉందన్నదాన్ని బట్టి మార్గం మారిపోతుంది. ఓలెడ్ తెరలకైతే బ్యాక్‌లైటే లేదు, ప్రతి చుక్కా తానే వెలుగుతుంది. వాటిలో చాలావాటికి వెలుతురు విలువను డిస్‌ప్లే కేబుల్‌లోని పక్కదారి గుండా ఆదేశంగా పంపాలి. ఇవి విడిగా చెప్పుకోవాల్సిన కథలు.

బూట్ ఎంపికతో మన ల్యాప్‌టాప్ బాగుపడుతుంది. అదే మోడల్ కొన్న మిగతావాళ్ల సంగతి? కెర్నెల్ సోర్స్ కోడ్‌లో ‘వీడియో డిటెక్ట్’ అనే ఫైలు ఒకటుంది. ఏ కంపెనీ, ఏ మోడల్ అయితే ఏ మార్గం వాడాలో చెప్పే మినహాయింపుల పట్టిక అందులో ఉంది. ఒక్కో మోడల్‌కు కొన్ని లైన్లు. ఆ ప్రతి నమోదు వెనక సాధారణంగా తన ల్యాప్‌టాప్‌లో వెలుతురు మారడం లేదని ఫిర్యాదు చేసిన ఒక యజమాని ఉంటాడు. ఏ ప్రయోగశాలా చేయలేని పని అది. మన మార్కెట్లో దొరికే మోడల్ నంబర్లు అమెరికా, యూరప్‌లలో ఉండే డెవలపర్ల దగ్గర ఉండాలని లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంజనీరింగ్ చదివే విద్యార్థి చేతిలో ఉన్న యంత్రం గురించి ఆ విద్యార్థి చెబితేనే వాళ్లకు తెలుస్తుంది. కాలేజీల్లో లైనక్స్ పరిచయం చేసే స్వేచ్ఛ వంటి సంస్థల కార్యకర్తలు ఇన్‌స్టాల్ చేసి పెట్టడంతో పాటు ఇలాంటి ఫిర్యాదు ఎలా రాయాలో కూడా నేర్పితే ఎంతో మేలు జరుగుతుంది.

ఫిర్యాదులో ఉండాల్సినవి: కంపెనీ, మోడల్ పేర్లు ‘డీఎంఐ డీకోడ్’ కమాండ్ చూపించినట్టే అక్షరం పొల్లుపోకుండా, పనిచేసిన చివరి కెర్నెల్, చెడిన మొదటి కెర్నెల్ నంబర్లు, రెండింటిలో ఫోల్డర్ పేర్లు, ఏ బూట్ ఎంపికతో బాగుపడిందో. ఓపిక ఉన్నవాళ్లు గిట్ బైసెక్ట్ కూడా చేయవచ్చు. ఒక కెర్నెల్ విడుదలలో పదమూడు, పద్నాలుగు వేల మార్పులుంటాయి. మధ్యలోంచి ఒకదాన్ని ఎంచి పరీక్షించి, సగాన్ని కొట్టేస్తూ పోతే దాదాపు పద్నాలుగు పరీక్షల్లో తప్పు చేసిన ఆ ఒక్క మార్పు దొరుకుతుంది. ప్రతిసారీ కెర్నెల్‌ను కంపైల్ చేయాలి కాబట్టి ఒక సెలవు రోజు దానికే పోతుంది.

సవరణ ముందు ప్రధాన కెర్నెల్‌లో చేరి, అక్కడినుంచి స్థిర శ్రేణులకు, ఆ తర్వాత ఉబుంటు, డెబియన్ వంటి పంపిణీలకు దిగుతుంది. అది మన అప్‌డేట్లలోకి వచ్చాక గ్రబ్ ఫైలులో మనం రాసుకున్న ఎంపికను తీసేయాలి. ఉంచేస్తే, ముందు ముందు కెర్నెల్ సరైన మార్గం తానే కనిపెట్టినా, ఆ పాత ఆదేశమే చెల్లుబాటవుతూ ఉంటుంది.