బొమ్మ కంటే ముందే బాణీ: జపాన్ యానిమేషన్ సీరియళ్ల నేపథ్య సంగీతం ఎలా రూపుదిద్దుకుంటుంది?

1996 మార్చిలో జపాన్‌లోని టీవీ టోక్యో చానల్‌లో 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్' 24వ భాగం ప్రసారమైంది. ఆ భాగం చివర ఒక మహాయంత్రం తన పిడికిట్లో ఓ బాలుణ్ని పట్టుకుని నిలబడుతుంది. యంత్రాన్ని నడుపుతున్నది అతని స్నేహితుడే. చంపాలో, వదలాలో తేల్చుకోవలసిందీ అతడే. తెరపై ఆ దృశ్యం దాదాపు ఒక నిమిషం పాటు కదలదు. ఎవరూ మాట్లాడరు. బీథోవెన్ తొమ్మిదవ సింఫనీలోని బృందగానం మాత్రం సాగిపోతూ ఉంటుంది.

కదలికే ప్రాణమైన యానిమేషన్‌లో అంతసేపు బొమ్మ కదలకుండా ఉంటే ప్రేక్షకుడు చూపు తిప్పుకోవాలి. కానీ అక్కడ ఊపిరి బిగబట్టి చూస్తాడు. ఆ నిమిషం భారమంతా సంగీతమే మోసింది. జపాన్ టీవీ యానిమేషన్‌లో నేపథ్య సంగీతానికి ఇంతటి స్థానం ఎలా దక్కిందో తెలియాలంటే ఆరు దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

కదలని బొమ్మకు కదలిక

ఒసాము తెజుకా సృష్టించిన 'ఆస్ట్రో బాయ్' 1963 జనవరి 1న ఫుజి టీవీలో ప్రారంభమైంది. వారం వారం అరగంట యానిమేషన్ అందించడమంటే వేల కొద్దీ బొమ్మలు గీయాలి. అందుకు తగిన డబ్బు గానీ, వ్యవధి గానీ లేవు. అందువల్ల తెజుకా బృందం బొమ్మల సంఖ్యను తగ్గించింది. సెకనుకు 24 ఫ్రేములు నడిచే ఫిల్ములో ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపితే, సెకనుకు 8 బొమ్మలు సరిపోతాయి. మాట్లాడేటప్పుడు నోరు మాత్రమే కదులుతుంది. ఒకసారి గీసిన దృశ్యాలను దాచి ఉంచి, అవసరమైనప్పుడు మళ్లీ వాడుకుంటారు. ఈ పద్ధతికి 'బ్యాంక్' అని పేరు.

బొమ్మలో తగ్గిన కదలికను శబ్దం పూరించవలసి వచ్చింది. నిశ్చలంగా ఉన్న ముఖం వెనుక దుఃఖం ఉందో, కోపం ఉందో చెప్పే పని స్వరాల మీద పడింది. అంతేకాదు, దాచిపెట్టి మళ్లీ మళ్లీ వాడుకునే ఈ పద్ధతి సంగీతానికీ వర్తించింది.

ముందు సంగీతం, తర్వాత చిత్రం

తెలుగు సినిమా ప్రేక్షకులకు 'రీరికార్డింగ్' అనే మాట సుపరిచితం. చిత్రీకరణ, కూర్పు ముగిసిన తర్వాత సంగీత దర్శకుడు రీలు చూస్తూ, ఏ సన్నివేశానికి ఎంత నిడివిలో ఏ వాద్యం వినిపించాలో నిర్ణయిస్తాడు. బొమ్మ ముందు, సంగీతం తర్వాత.

జపాన్ టీవీ యానిమేషన్‌లో చాలావరకు ఈ క్రమం తలకిందులవుతుంది. ఒక్కో భాగం బొమ్మల పని ప్రసార తేదీకి దగ్గర పడేదాకా సాగుతూనే ఉంటుంది. పూర్తయిన చిత్రం కోసం ఎదురుచూస్తే సంగీతానికి సమయమే మిగలదు. అందుకే బొమ్మలు సిద్ధం కాకముందే సంగీతాన్ని సిద్ధం చేసుకుంటారు.

ఇందులో కీలకమైన వ్యక్తి ధ్వని దర్శకుడు. జపనీస్‌లో ఈ పదవిని 'ఓంక్యో కాంతోకు' అంటారు. ఆయన దర్శకునితో చర్చించి 'మ్యూజిక్ మెనూ' అనే పట్టికను తయారుచేస్తారు. నాయకుడి ఒంటరితనం, శత్రువు రాక, మామూలు బడి రోజు, ఓటమి తర్వాతి నిశ్శబ్దం... ఇలా కథకు అవసరమయ్యే భావాలన్నీ అందులో ఉంటాయి. ఒక్కో బాణీకి ఎం-1, ఎం-2 అంటూ వరుస సంఖ్య ఇస్తారు. సంగీత దర్శకుని ముందు ఉండేవి ఈ పట్టిక, కథాసంగ్రహం, పాత్రల రేఖాచిత్రాలు. వాటి ఆధారంగా కొన్ని పదుల బాణీలు కట్టి, ఒకేసారి రికార్డు చేస్తారు. దీన్ని 'తమెదోరి' అంటారు. పోగుచేసి రికార్డు చేయడమని దాని అర్థం.

ఎంపికలోనే అర్థం

ఆ తర్వాత బాధ్యత ధ్వని దర్శకునిది. నటుల గాత్రాలను, శబ్దాలను పర్యవేక్షించే ఆయనే ప్రతి భాగంలో ఏ బాణీ ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఏమీ వినిపించకూడదు అన్నవి నిర్ణయిస్తారు. విషాదం కోసం కట్టిన బాణీని ఒక నవ్వు వెనుక వినిపిస్తే, ఆ నవ్వు నిజం కాదని ప్రేక్షకునికి అర్థమవుతుంది.

ఒకే బాణీ పలుమార్లు వినిపించడం లోపం కాదు, బలం. 'ఇవాంజెలియన్' కోసం షిరో సగిసు కట్టిన, టింపనీ భేరీలు మోగే యుద్ధ సన్నాహ బాణీ ఇందుకు ఉదాహరణ. దాని మొదటి దెబ్బలు వినగానే జరగబోయేది ప్రేక్షకునికి తెలిసిపోతుంది. ఆ సీరియల్ దర్శకుడు హిదెయాకి అన్నో, రెండు దశాబ్దాల తర్వాత 2016లో వచ్చిన 'షిన్ గాడ్జిల్లా' సినిమాలో కూడా అదే బాణీని వినిపించారు.

ముందే కట్టిన సంగీతం ఒక్కోసారి కథనే మలుస్తుంది. 1998లో మొదలైన 'కౌబాయ్ బీబాప్' అందుకు సాక్ష్యం. సంగీత దర్శకురాలు యోకో కాన్నో 'సీట్‌బెల్ట్స్' అనే వాద్యబృందంతో జాజ్, బ్లూస్ బాణీలు సిద్ధం చేశారు. దర్శకుడు షినిచిరో వతనబె అడగనివి కూడా ఆమె కట్టి ఇచ్చేవారు. వాటిని విన్న తర్వాత తనకు కొత్త సన్నివేశాలు తట్టాయని ఆయన చెప్పారు. ఆ సీరియల్‌లో ప్రతి భాగాన్నీ 'సెషన్' అని పిలవడం యాదృచ్ఛికం కాదు.

సినిమా తరహాలో, పూర్తయిన దృశ్యాన్ని కొలిచి సంగీతం కట్టే పద్ధతి కూడా టీవీకి వచ్చింది. యుకి కజియురా, గో షీనా సంగీతం అందించిన 'డెమన్ స్లేయర్' ఇందుకు పేరుపొందింది. 2019 ఆగస్టులో ప్రసారమైన 19వ భాగంలో పోరాటం పతాకస్థాయికి చేరినప్పుడు, నేపథ్య సంగీతం స్థానంలో గో షీనా స్వరపరచిన పాట మొదలవుతుంది. అయితే ఈ పద్ధతికి డబ్బూ వ్యవధీ ఎక్కువ కావాలి. అందుకే పాత పద్ధతి ఇప్పటికీ నిలిచి ఉంది.

సంగీతం మారితే ఏం మారుతుంది?

ఈ శ్రమ విలువ, దాన్ని తొలగించినప్పుడు తెలుస్తుంది. 'డ్రాగన్ బాల్ జెడ్' సీరియల్‌కు 1989లో సంగీతం సమకూర్చినవారు షున్‌సుకె కికుచి. భారతీయ పిల్లలకూ పరిచితమైన 'డోరేమాన్' 1979 నాటి సీరియల్‌కూ ఆయనే సంగీత దర్శకుడు. కికుచి వాద్యబృంద సంగీతం ఎంత ముఖ్యమో, ఆ సీరియల్‌లో మౌనం కూడా అంతే ముఖ్యం. ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలిచినప్పుడు తరచుగా గాలి చప్పుడు తప్ప మరేమీ వినిపించదు.

అమెరికాలో ఇంగ్లిష్‌లోకి డబ్ చేసినప్పుడు ఆ సంగీతాన్ని తీసివేశారు. 1999 నుంచి అక్కడ ప్రసారమైన భాగాలకు బ్రూస్ ఫాల్కనర్ బృందం సింథసైజర్, గిటార్ స్వరాలతో కొత్త సంగీతం చేసింది. మూలంలో మౌనంగా ఉన్న చోట్ల సైతం అది మోగుతూనే ఉంటుంది. బొమ్మలు అవే, కథా అదే. కానీ జపాన్ ప్రేక్షకుడు అనుభవించిన నిరీక్షణ స్థానంలో అమెరికా ప్రేక్షకునికి నిరంతర ఉద్వేగం దక్కింది.

కొత్త సంగీతాన్ని తక్కువ చేసి చూడనక్కరలేదు. దానితో పెరిగిన తరానికి అదే అసలు సంగీతం, దాని అభిమానులు నేటికీ ఉన్నారు. తర్వాత వెలువడిన డీవీడీలు ఇంగ్లిష్ సంభాషణలతోనే మూల సంగీతాన్ని వినే వీలు కల్పించాయి. అప్పుడుగానీ చాలామందికి తాము చూసింది అదే కథకు మరో రూపమని తెలియలేదు.

తెలుగు గొంతు, టోక్యో స్వరం

డబ్బింగ్ స్టూడియోకు సాధారణంగా సంభాషణలు లేని ఒక ట్రాక్ అందుతుంది. సంగీతం, శబ్దాలు మాత్రమే ఉండే ఆ ట్రాక్‌పై కొత్త భాషలో గొంతులు చేర్చుతారు. దాన్ని అలాగే ఉంచితే మూల ధ్వని దర్శకుని నిర్ణయాలు, మౌనాలతో సహా, కొత్త ప్రేక్షకుని దాకా చేరతాయి.

హిరోయుకి సవానో సంగీతం అందించిన 'సోలో లెవెలింగ్' వంటి సీరియళ్లు ఇప్పుడు తెలుగు డబ్బింగ్‌తో లభిస్తున్నాయి. 2025 సెప్టెంబరులో 'డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' చిత్రం తెలుగులోనూ థియేటర్లలో విడుదలైంది. పాత్రలు తెలుగులో మాట్లాడతాయి, జోకులు తెలుగు వాడుకలోకి మారతాయి. అనువాదం అవసరం లేకుండా యథాతథంగా చేరగలిగేది నేపథ్య సంగీతం ఒక్కటే.

విజయవాడలోనో, వరంగల్‌లోనో ఒక బాలుడు ఆ సన్నివేశాన్ని చూస్తూ ఉలిక్కిపడితే, దానికి కారణం టోక్యోలో ఎవరో బొమ్మ పూర్తికాకముందే ఊహించి కట్టిన ఒక స్వరం కావచ్చు. ఆ స్వరాన్ని సరిగ్గా అక్కడే ఆపాలని మరొకరు తీసుకున్న నిర్ణయమూ కావచ్చు.