జప్తుభూములును, ముద్రపడిన పత్రమును

యుద్ధమున శత్రువు నోడించుట యొక కార్యము. ఓడినవాని భూమి నేమి చేయవలెనో నిర్ణయించుట వేరొక కార్యము. మొదటిది యొక్కపూటలో ముగియవచ్చును. రెండవది తరములకొలది న్యాయస్థానముల మెట్లెక్కించి దింపును. 13వ శతాబ్దమున ఆంగ్లదేశమున జరిగిన ప్రభువుల యుద్ధమును గూర్చి చదివినవారు సైమన్ డి మాంట్‌ఫర్డు శౌర్యమును, 1265లో నాతడు పిలిపించిన సభను స్మరింతురు. ఆ యుద్ధము ముగిసిన పిమ్మట భూములకై నడచిన వ్యాజ్యములను స్మరించువారు తక్కువ. చట్టముతోను, పరిపాలనతోను సంబంధముగల మన చదువరులకు ఆ వ్యాజ్యములే యెక్కువ బోధకములని మా యభిప్రాయము.

ఆ కాలపు భూమిధర్మమును మొదట గ్రహింపవలెను. ఆంగ్లదేశమున ప్రభువు తన భూమికి సర్వస్వతంత్రుడు కాడు. రాజునకో, తనకు పైనున్న ప్రభువునకో విధేయుడై యుందునని ప్రమాణము చేసి, ఆ ప్రమాణబలమున భూమి ననుభవించువాడు. ప్రమాణము తప్పి రాజుపై ఖడ్గమెత్తినచో భూమి రాజున కగును. తప్పు తండ్రిది, నష్టము కుమారునికి, మనుమనికి, ఇంకను పుట్టని సంతానమునకు గూడ. మరణదండన మొక్కనితో ముగియును గాని యీ దండనము వంశమును వెన్నాడును.

1258లో ప్రభువులు 3వ హెన్రీ రాజుచేత కొన్ని సంస్కరణముల నంగీకరింపజేసిరి. రాజు వానినుండి తొలగజూడగా కలహము ముదిరి యుద్ధమయ్యెను. 1264 మే 14వ తేదీన లూయిస్‌వద్ద రాజు ఓడి సైమనునకు చిక్కెను. పదునేను నెలలు గడువకముందే, 1265 ఆగస్టు 4వ తేదీన, యువరాజు ఎడ్వర్డు సేన ఈవ్‌షామ్‌వద్ద సైమనును హతమార్చెను. తరువాత కొలది దినములలోనే బలముగలవారు చేతికందిన పొలముల నాక్రమింపసాగిరి. సెప్టెంబరున వించెస్టరులో కూడిన సభలో, తిరుగుబాటుదారుల భూములన్నియు రాజు వశమైనవని ప్రకటింపబడెను. రాజు వానిని తన పక్షమువారికి పంచియిచ్చెను.

ఈ పంపకముతో శాంతి కుదురుటకు మారుగా యుద్ధమే మరల రగిలెను. భూమి గోల్పోయినవారికి «వారసత్వహీనులు» అని పేరు వచ్చెను. వారిలో కొందరు కెనిల్‌వర్తు కోటను, కొందరు చిత్తడినేలల నడుమనున్న ఈలీ లంకను ఆశ్రయించి పోరు సాగించిరి. భూమి తిరిగి రాదని నిశ్చయమైనవాడు కత్తి దింపుట యెందులకు? మరియొకవైపున, క్రొత్తగా భూములు పొందినవారు వానిని విడువనొల్లరైరి. ఓడినవారిపై కనికరము చూపరాదని వాదించినవారిలో రోజరు మార్టిమరు ముఖ్యుడు. ఆ పంపకమున లాభించినవారిలో నాతడొకడు. ఇచ్చినదానిని తీసికొన్నచో మిత్రులకు కోపము, తీసికొనకున్నచో శత్రువులతో తీరని రణము. రాజు ఈ రెంటినడుమ చిక్కుపడెను.

ఈ చిక్కును విడదీయుటకు బిషప్పులును ప్రభువులును గలసి పండ్రెండుగురు సభ్యులుగా నొక సంఘ మేర్పడెను. పోపు ప్రతినిధియగు ఒట్టొబువోనోయు, రాజు తమ్ముని కుమారుడగు హెన్రీయు దానికి మధ్యవర్తులు. వారి నిర్ణయము 1266 అక్టోబరు 31వ తేదీన వెలువడెను. దానినే కెనిల్‌వర్తు తీర్పందురు. సైమనును పుణ్యపురుషునిగా కొలువరాదనియు, ఆతని మహిమలను గూర్చి చెప్పుకొనరాదనియు నందులో నొక నిబంధన గలదు. దానినిబట్టి యోడినవానియెడ జనుల కెంత భక్తి యుండెనో యూహింపవచ్చును.

ఆ తీర్పులోని ప్రధానసూత్రము మాత్రము మిక్కిలి వివేకవంతమైనది. తిరుగుబాటుదారుడు భూమిని శాశ్వతముగ పోగొట్టుకొనడు. తగిన వెల చెల్లించి విడిపించుకొనును. వెల భూమి సంవత్సరాదాయమును బట్టి యుండును. రాజునకు ప్రతికూలముగ స్వయముగ పోరాడినవానికి ఐదేండ్ల యాదాయము. అంతకు తక్కువ తప్పు చేసినవారికి తప్పునుబట్టి రెండేండ్లది, ఒక యేటిది. డెర్బీ ప్రభువగు రాబర్టు ఫెర్రర్సునకును, హెన్రీ హేస్టింగ్సునకును మాత్రము ఏడేండ్లది. సగము సొమ్ము చెల్లించినవానికి సగము భూమి వెంటనే రావలెను. సొమ్ముకొరకు భూమిలో కొంత యమ్మదలచినచో, ఇతరు లిచ్చు ధరకే దానిని కొనుటకు అప్పటికి దానిని పట్టియున్నవానికి మొదటి హక్కు. ద్వేషమును లెక్కలోనికి దింపినదే యీ తీర్పుయొక్క గొప్పతనము. ద్వేషమునకు మేర లేదు; లెక్కకు మేర యున్నది.

అయినను అందొక పెద్దలోపముండెను. సొమ్ము ముందు, భూమి వెనుక. భూమిలేనివాడు సొమ్మెక్కడ తెచ్చును? ఆకలికిని రోగములకును తాళలేక కెనిల్‌వర్తులోనివారు డిసెంబరున కోట నప్పగించిరి గాని ఈలీవారు లొంగలేదు. 1267 ఏప్రిలున గ్లాస్టరు ప్రభువగు గిల్బర్టు డి క్లేరు సేనతో లండను నాక్రమించి వారి పక్షమున నిలిచెను. ఈతడు ఈవ్‌షామ్‌వద్ద రాజు పక్షమున పోరాడినవాడే. జూనులో జరిగిన సంధివలన, వారసత్వహీనులు ముందుగ భూములలో ప్రవేశించి పిమ్మట సొమ్ము చెల్లించుట కంగీకార మయ్యెను. ఈ చిన్న సవరణముతో తీర్పునకు ప్రాణము వచ్చెను. మరుసటి నెలలో ఈలీ లొంగెను.

1267 సెప్టెంబరున ప్రత్యేక న్యాయాధిపతులు నియమింపబడి మండలములు తిరిగి విచారణ సాగించిరి. ఆ విచారణల రికార్డులలో కొన్ని నేటికిని నిలిచియున్నవి. వ్యాజ్యములలో వచ్చు ప్రశ్నలు న్యాయవాదులకు పరిచితములైనవే. వాది నిజముగ తిరుగుబాటు చేసెనా, లేక భూమిపై కన్నువేసినవాడు ఆ నింద మోపెనా? భూమి సంవత్సరాదాయ మెంత? నడుమ దాని ననుభవించిన దెవరు? వీనికి సమాధాన మిచ్చునది రాజాస్థానము కాదు. ఆయా యూళ్ల సంగతి నెరిగిన స్థానిక జూరీ. నిరపరాధియని జూరీ చెప్పినవాడు వెల చెల్లింపనక్కరలేకయే భూమిని పొందెను. అపరాధులైనవారును అప్పులు చేసియో, కొంతభాగ మమ్మియో మిగిలినదానిని నిలుపుకొనిరి. ఈ భారము తేలికైనది కాదు. అయినను, అడవులలో దాగినవాడు న్యాయస్థానమునకు వచ్చి తన హక్కును లెక్కగట్టి చెప్పుకొనగలిగెను.

ఇంతవరకు ప్రశంస. ఇక ఫెర్రర్సు వ్యాజ్యమును చూడవలెను. ఈతడు 1265 డిసెంబరున 1,500 మార్కులును ఒక బంగారు పాత్రయు నిచ్చుటకొప్పుకొని రాజు క్షమ పొంది, మరుసటి వసంతమున మరల తిరుగబడి, 1266 మేలో చెస్టర్‌ఫీల్డువద్ద పట్టుబడెను. ఆతడు నిర్దోషి యని మేమనము. రాజు ఆతని భూములను తన రెండవ కుమారుడగు ఎడ్మండున కిచ్చెను. కెనిల్‌వర్తు తీర్పు ప్రకారము ఏడేండ్ల యాదాయము చెల్లించిన ఫెర్రర్సునకు భూములు తిరిగి రావలెను. చరిత్రకారుల యంచనా ప్రకార మాతని సంవత్సరాదాయము సుమారు 1,500 పౌనులు. అనగా విడుదలసొమ్ము 10,000 పౌనులకు కొంచె మెక్కువ.

కాని 1269 మేలో, మూడేండ్లుగా చెరలోనున్న ఫెర్రర్సుచేత నొక యొప్పందమును వ్రాయించిరి. దానిప్రకారము జూలై 9వ తేదీన ఒక్కసారిగ 50,000 పౌనులు ఎడ్మండునకు చెల్లింపవలెను. దానికి ప్రముఖ ప్రభువులు కొందరు జామీను నిలువగా, ఆతని భూము లా జామీనుదారుల పేర వ్రాయబడెను. ఆ మొత్తము నెవ్వడును రెండునెలలలో కూర్పజాలడు. గడువు దాటెను; జామీనుదారులు భూములను ఎడ్మండునకు వదలివేసిరి. తీర్పు నెవరును రద్దుచేయలేదు. దాని ప్రక్కనుండి యొక పత్రము నడచిపోయెను, అంతియే.

1274లో ఫెర్రర్సు రాజన్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. కెనిల్‌వర్తు తీర్పు ప్రకారము వెల చెల్లించి భూములు విడిపించుకొనుటకు తాను సిద్ధమనియు, ఒప్పంద పత్రము చెరలో నిర్బంధముచేత వ్రాసినదగుటచే చెల్లదనియు వాదించెను. ఎడ్మండు ఆ పత్రమునే చూపెను. అది రాజు ఛాన్సలరు సమక్షమున జరిగినది గనుక నిర్బంధమను మాటకు తావులేదని న్యాయస్థానము వాదమును కొట్టివేసెను. మరుసటి యేట చార్ట్‌లీ యను గ్రామము మాత్ర మాతనికి దక్కెను. 1279లో నాతడు మరణించెను.

ఈ నిర్ణయమును మేము న్యాయమనజాలము. ఛాన్సలరు సాక్షిగ నుండుట పత్రము వ్రాయబడినదనుటకు నిదర్శనమే గాని, వ్రాసినవాడు స్వేచ్ఛగ వ్రాసెననుటకు నిదర్శనము కాదు. చెరసాల తాళము రాజు చేత నున్నది; ఛాన్సలరు రాజు కొలువులో నున్నాడు; లాభము రాజు కుమారునిది. పేరులేని చిన్న భూస్వామి విషయమున జూరీ నడిగి నిజము కనుగొన్న న్యాయము, రాజకుటుంబము ప్రతివాది కాగానే ముద్రను చూచి తృప్తిపడెను. చట్టముయొక్క బలమును తెలిసికొనగోరువారు దుర్బలునిపై నది యెట్లు నడచెనని కాక, బలవంతునిపై నది యెట్లు నడచెనని యడుగవలెను.

కాలము దీనికొక విచిత్రమైన ముగింపు నిచ్చెను. ఎడ్మండు కుమారుడగు లాంకాస్టరు ప్రభువు థామసు, ఫెర్రర్సు వంశపు టట్‌బరీ కోట ననుభవించుచు, 2వ ఎడ్వర్డుపై తిరుగబడెను. 1322 మార్చిలో బరోబ్రిడ్జివద్ద ఓడి, తన పక్షమున మాటాడు నవకాశమైనను లేక శిరచ్ఛేదము పొందెను. ఆతని భూములు జప్తయ్యెను. 1327లో 3వ ఎడ్వర్డు మొదటి పార్లమెంటులో, ధర్మప్రకారము విచారణ జరుగలేదను కారణమున ఆ శిక్ష రద్దయి, థామసు తమ్ముడు హెన్రీకి వారసత్వము దక్కెను. రాజవంశము తనకే యాపద వచ్చినపుడు విచారణధర్మము నాశ్రయించెను. ఫెర్రర్సు వంశమున కా భాగ్యము లేకపోయెను. టట్‌బరీ కోట నేటికిని లాంకాస్టరు డచీ సొత్తు. 1399 మొదలుకొని ఆ డచీ ఆంగ్ల సింహాసనమున నున్నవారి చేతిలోనిది.

రాజద్రోహమనగా నేమో 1352 నాటి శాసనము నిర్వచించెను. ద్రోహికిని ఘోరాపరాధికిని సర్వస్వము జప్తుచేయు పద్ధతిని ఆంగ్లదేశము 1870లో గాని విడువలేదు. మన దేశమునకై 1860లో చేసిన శిక్షాస్మృతిలోను, ప్రభుత్వముపై యుద్ధము సాగించినవాని యాస్తి యంతయు జప్తుచేయవలెనని 121వ సెక్షను విధించెను. 1921 నాటి సవరణముతో నది పోయి, జరిమానా మాత్రము మిగిలెను.

ఓడినవానికి ఆస్తి తిరిగి యిచ్చుట దయకాదు, రాజనీతి. అందులకు నిర్ణీతమైన లెక్క, చెల్లింపనగు గడువు, ఎదుటివా డెవరైనను వెరువని న్యాయస్థానము, ఈ మూడును కావలెను. కెనిల్‌వర్తు తీర్పు వేలకొలది జనుల కీ మూటిని సమకూర్చి దేశమునకు శాంతి నిచ్చెను. ఒక్కని విషయమున మూటిని తప్పించిరి. ఆ యొక్కని భూములతోనే రాజకుటుంబము ధనసంపన్నమయ్యెను. పత్రముపై ముద్ర యున్నదా యని చూచుటతో న్యాయాధిపతి పని తీరదు. ఆ ముద్ర పడుచుండగా వ్రాసినవాని చేతులకు సంకెళ్లుండెనా యని గూడ విచారింపవలెను.