కేకు పిండికి యంత్రం కొనేముందు



సూళ్ళూరుపేట, తడ, నగరి, పుత్తూరు వంటి మన సరిహద్దు ఊళ్ళలో ఇప్పుడు ఇంట్లోనే కేకులు, బన్నులు చేసి ఇరుగుపొరుగులకు అమ్ముకునే ఆడవాళ్ళు కనబడుతున్నారు. నెలకు నాలుగు కేకులు అడిగేవారు కాస్తా వారానికి నాలుగు అడగడం మొదలుపెడితే సంతోషమే గాని, గిలక్కొట్టి గిలక్కొట్టి భుజం పట్టేస్తుంది. అప్పుడు చీటీ పాడిన డబ్బో, సంఘంలో తీసిన అప్పో చేతపట్టుకుని చెన్నై రైలెక్కుతారు, స్టాండ్ మిక్సర్ కొందామని. ఎనిమిది పది వేల నుంచి అరవై వేల దాకా పలికే వస్తువిది. ఆ డబ్బు వృథా కాకుండా ఉండాలంటే దుకాణంలో ఏం చూడాలో, ఏం అడగాలో ఈ రోజు చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట. చెన్నైలో మీరు వట్టి ‘మిక్సర్’ అని అడిగితే ఒక వీధిలో మిక్సీ చూపిస్తారు, ఇంకో వీధిలో కారబూంది కలిపిన మిక్చర్ పొట్లం కట్టిస్తారు. ‘కేకు పిండి కలిపే స్టాండ్ మిక్సర్’ అని పూర్తిగా అడగండి.

మిక్సీ ఉండగా ఇదెందుకు అని ఇంట్లో మగవారు అడగవచ్చు. మిక్సీ పని కోయడం. దాని బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి, పడినదాన్నల్లా ముక్కలు చేసి వేడెక్కిస్తుంది. కేకుకు కావలసింది గాలి. వెన్న, చక్కెర కలిపి గిలక్కొట్టినప్పుడు చక్కెర పలుకులు వెన్నలో సన్నని గాలి బుడగలు చేస్తాయి. పొయ్యిలో కేకు పొంగేది ఆ బుడగలు పెరిగి పెద్దవి కావడం వల్లనే. బన్ను సంగతి వేరు. మైదాలో నీళ్ళు పోసి పిసికే కొద్దీ జిగురు సాగి వలలాగా అల్లుకుంటుంది. ఈస్టు వదిలే గాలిని పట్టి ఉంచేది ఆ వలే. బ్లేడు దాన్ని తెంపుతుంది, కొక్కెం సాగదీస్తుంది.

అందుకే స్టాండ్ మిక్సర్‌కు మూడు పనిముట్లు ఇస్తారు. తీగల బుట్టలాగా ఉండేది మన కవ్వానికి చెల్లెలు. గుడ్డు తెల్లసొనకు, క్రీముకు అది పనికివస్తుంది. ఆకులాగా చదునుగా ఉండేది వెన్న, చక్కెరకు. కొక్కెం రొట్టె పిండికి. గిన్నె కదలదు. పనిముట్టు తన చుట్టూ తాను తిరుగుతూ, గిన్నె చుట్టూ ఎదురు దిక్కుగా ప్రదక్షిణం చేస్తుంది. అమెరికాలో హోబార్ట్ కంపెనీ ఇంజనీరు హెర్బర్ట్ జాన్‌స్టన్, రొట్టెల పిండిని చేత్తో కలుపుతున్న మనిషిని 1908లో చూశాక ఇటువంటి యంత్రానికి రూపం ఇచ్చాడని చెబుతారు. అది మొదట పెద్ద బేకరీలకు వెళ్ళింది. ఇళ్ళకు సరిపోయే చిన్నది 1919లో కిచెన్‌ఎయిడ్ అన్న పేరుతో వచ్చింది.

ఇక దుకాణంలోకి వెళదాం. అమ్మేవారు మొదట చూపించేది అట్టపెట్టె మీద వాట్ల అంకె. వెయ్యి వాట్లు, పన్నెండు వందల వాట్లు అని పెద్ద అక్షరాలు ఉంటాయి. ఆ అంకె యంత్రం ఎంత కరెంటు తీసుకుంటుందో చెబుతుంది గాని, కొక్కేనికి ఎంత బలం అందుతుందో చెప్పదు. కిచెన్‌ఎయిడ్ ఆర్టిజన్ రకం 300 వాట్లదే, అయినా గేర్ల ద్వారా బలం అందుతుంది కనుక గట్టి పిండిని తిప్పుతుంది. కనుక మీరు అడగవలసిన ప్రశ్నలు రెండు. లోపల గేర్లు లోహంవా, ప్లాస్టిక్‌వా? ఒక్కసారికి ఎంత పిండి కలపవచ్చు?

ఈ రెండో ప్రశ్నకు జవాబు నోటిమాటగా వద్దు, కూడా వచ్చే పుస్తకంలో చూపించమనండి. అందులో ఒక మెలిక ఉంటుంది. కొన్ని కంపెనీలు పొడి పిండి బరువు రాస్తాయి, కొన్ని కలిపిన ముద్ద బరువు. కిలో మైదాకు 650 గ్రాముల నీళ్ళు పోస్తే ముద్ద కిలోన్నర దాటుతుంది. ‘కిలోన్నర’ అని చదివి కిలోన్నర మైదా పోశారంటే మోటారు కాలిపోవచ్చు. అలాగని ఉన్నవాటిలో పెద్ద గిన్నే కొనేయకండి. పెద్ద గిన్నెలో రెండు గుడ్ల తెల్లసొన వేస్తే తీగల బుట్టకు అందదు, అడుగున నీళ్ళలాగానే ఉండిపోతుంది. అరకిలో, కిలో కేకులు చేసే ఇంటికి నాలుగు నుంచి ఐదు లీటర్ల గిన్నె చాలు.

తరువాత, ప్లగ్గు పెట్టి ఆడించమని అడగండి. పండగ రద్దీలో రంగనాథన్ వీధిలో అది కుదరని పని. మామూలు రోజు ఉదయం దుకాణం తెరవగానే వెళితే కుదురుతుంది. అన్నిటికన్నా తక్కువ వేగంలో పెట్టి చూడండి. తక్కువలోనే గిరగిరా తిరిగేదైతే పొడి పిండి వంటిల్లంతా చిమ్ముతుంది. వేగం పెంచినప్పుడు బల్ల మీద నడిచే యంత్రం వద్దు. ఈ వస్తువుకు బరువు దోషం కాదు, ఎనిమిది పది కిలోలున్నా మంచిదే. పై తల పట్టుకుని కదిపి చూడండి, లొటలొటలాడకూడదు. పలచటి నాణెం ఒకటి గిన్నెలో వేసి, ఆకు పనిముట్టు తగిలించి మెల్లగా తిప్పమనండి. నాణెం చుట్టు చుట్టుకూ కొంచెం కదలాలి. అసలు కదలకపోతే ఆకు అడుగుకు అందడం లేదన్నమాట, వెన్న అక్కడే మిగిలిపోతుంది. గిన్నె గీసుకుపోతూ ఉంటే మరీ దిగిపోయింది. చాలా రకాలలో మెడ దగ్గర ఒక స్క్రూ తిప్పి దీన్ని సరిచేయవచ్చు. అది ఎక్కడుందో చూపించుకుని రండి.

అమెరికా నుంచి అబ్బాయో, అమ్మాయో తెస్తామంటే జాగ్రత్త. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా పెట్టిన క్షణంలో పోతుంది. బరువైన ట్రాన్స్‌ఫార్మరు కొనాలి, అక్కడి గ్యారంటీ సాధారణంగా ఇక్కడ చెల్లదు. వాళ్ళను ఆ డబ్బు పంపమనండి, యంత్రం ఇక్కడే కొనుక్కోండి. ఇంట్లో ఎర్తు సరిగా ఉన్నదీ లేనిదీ ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. తడి చేతులతో, లోహపు గిన్నెతో చేసే పని ఇది.

చెన్నై ఎండ సంగతి పుస్తకాల్లో ఉండదు. వెన్న గాలి పట్టాలంటే అది సుమారు 20 డిగ్రీల దగ్గర, వేలు పెడితే దిగేంత మెత్తగా ఉండాలి. మే నెలలో బయట పెట్టిన వెన్న నూనె అయిపోతుంది, నూనెలో బుడగ నిలవదు. ఫ్రిజ్ నుంచి తీసిన కాసేపటికే మొదలుపెట్టండి, గిన్నెను కూడా చల్లబరచండి. రొట్టె పిండికి ఐసు నీళ్ళు వాడండి, ఎందుకంటే పిసికే రాపిడికే పిండి ఇంకా వేడెక్కుతుంది. కొక్కేన్ని తక్కువ వేగంలోనే తిప్పండి. పది నిమిషాలు తిప్పాక యంత్రానికి విశ్రాంతి ఇవ్వండి.

అసలు కొనాలా అంటే, నెలకు ఒకటి రెండు కేకులకు వద్దంటాను. చేత్తో పట్టుకునే బీటరు చాలు, ఖర్చు చాలా తక్కువ. రొట్టె పిండికి మాత్రం దాన్ని వాడకండి. చపాతీ, పరోటా పిండి కోసమే అయితే మీ ఇంట్లో ఉన్న గ్రైండరుకు పిండి కలిపే పరికరం దొరుకుతుందేమో చూడండి. కోయంబత్తూరు టేబుల్‌టాప్ గ్రైండర్లలో చాలావాటికి అది ఉంటుంది. వారానికి నాలుగైదు కేకులు, పైగా బన్నులు చేసేవారికి స్టాండ్ మిక్సర్ నిజంగా చేదోడు. ఉగాదికి బొబ్బట్ల పిండి, అదే మన చిత్తూరు వైపు ఓళిగల పిండి, నూనె పోస్తూ సాగేలా కలపడానికీ అది పనికివస్తుంది. అమ్మకానికి చేసేవారు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద పేరు నమోదు చేయించుకోవాలి. మిక్సర్ బడ్జెట్టులో ఆ పని మరిచిపోకండి.

డబ్బు కట్టే ముందు సర్వీసు సెంటరు తిరుపతిలోనో నెల్లూరులోనో ఉందా, చెన్నైలోనేనా అని అడిగి, అక్కడినుంచే ఫోను చేసి కనుక్కోండి. గేరు, కొక్కెం విడిగా దొరుకుతాయా అన్నది కూడా అడగండి. బిల్లు మీద యంత్రం నంబరు రాయించుకోండి, గ్యారంటీ కార్డు మీద ముద్ర వేయించుకోండి. ఇంటికి వచ్చాక అట్టపెట్టెను, థర్మోకోల్ ముక్కలను పొయ్యిలోకి పంపకుండా అటక మీద పెట్టండి. రిపేరుకు పార్సిల్లో చెన్నై పంపవలసి వస్తే, పది కిలోల యంత్రం దెబ్బ తగలకుండా చేరేది వాటిలోనే.